తొమ్మిదో రోజు విప్పాల్సిన కట్టు

ఆగస్టు 17, 1986, ఆదివారం

గంగారాం మళ్ళీ పడ్డాడు. ఎవడూ తోయలేదు, ఎవడూ తగల్లేదు. బంతి కోసం వెనక్కి తిరిగాడు, అంతే, కుడికాలు పట్టుకుని బురదలో కూర్చుండిపోయాడు. ఈ సీజన్‌లో ఇది మూడోసారి. కంపెనీ ఫుట్‌బాల్ జట్టులో చేరి పదహారు నెలలయింది, ఆడిన మ్యాచులకంటే బెంచీ మీద కూర్చుని చూసినవే ఎక్కువ.

మాలిష్ నూనెల సంచీ పట్టుకుని పరుగెత్తాను. యాభై ఐదేళ్ళవాణ్ణి, ఆ బురదలో నేను పడకపోవడమే వింత. జనంలోంచి ఎవడో ఈల వేసి, గాజుబొమ్మ వచ్చింది జాగ్రత్త అని హిందీలో అరిచాడు. అందరూ నవ్వారు. ఆరడుగుల డిఫెండర్ని పట్టుకుని గాజుబొమ్మట. వాడి నోట్లో మన్నుపడ!

"ఏడ నొస్తున్నదిరా?" అన్నాను.

"తొడల, మామా."

"తొడలనేనా?"

"తొడలనే." నా మొహంకేసి చూడలేదు.

తొడ అన్నాడు కాబట్టి తొడకే ఐసు పెట్టాను. చీలమండను ముట్టుకోలేదు. నొప్పి ఎక్కడని చెబితే అక్కడే కదా పట్టాలి. నా ఉద్యోగం మాలిష్, అంతవరకే.

ఆగస్టు 18, సోమవారం

కోచ్ ఫుర్టాడో సాబ్ పిలిచాడు. మనిషి మంచివాడు. గోవావాడు, కోపం వస్తే సిగరెట్టు వెలిగించడం మరిచిపోయి నోట్లో పెట్టుకుని తిరుగుతాడు. ఇవాళ అట్లాగే తిరిగాడు.

"లింగం, గోల్స్ కొట్టేవాడైతే పది మ్యాచుల్లో నాలుగు ఆడినా నెత్తిన పెట్టుకుంటాను. వెనక ఆడేవాడి సంగతి వేరు. వాడు ప్రతి ఆదివారం అక్కడ ఉండాలి. పక్కవాడు తల తిప్పి చూడకుండానే ఇతనున్నాడని తెలియాలి. ఉంటాడో ఉండడో తెలియని డిఫెండర్ని పెట్టుకుని నేనేం చెయ్యను?" అన్నాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. మార్చితో గంగారాం రెండేళ్ళ స్టైపెండ్ అయిపోతుంది. అప్పుడు పర్మనెంట్ చెయ్యాలి, లేదా అంతకుముందే పంపెయ్యాలి. స్పోర్ట్స్ ఆఫీసర్ కర్ణిక్ సాబ్ ముందే పంపేద్దామంటున్నాడట. ఫుర్టాడోకి మనసొప్పడం లేదు. కుర్రాడి ఆట చూశాడు కదా, తలతో కొడితే బంతి సగం మైదానం దాటుతుంది.

"ఎప్పుడూ అదే కాలు ఎందుకు లింగం? ఒకసారి చీలమండ అంటాడు, ఒకసారి మోకాలు, ఒకసారి తొడ. కాని అదే కాలు."

"శరీరతత్వం సాబ్" అన్నాను.

శరీరతత్వమట! పెద్ద వైద్యుణ్ణి నేను. సాబ్ తలూపి, డాక్టరుతో ఎక్స్‌రే తీయిస్తానన్నాడు.

ఆగస్టు 20, బుధవారం

మల్లవ్వ వచ్చింది. గంగారాం తల్లి. మా పదకొండో గల్లీలోనే, నాలుగు ఖోలీల అవతల ఒంటిగదిలో ఉంటుంది. నన్ను అన్నా అంటుంది కాబట్టి వాడికి నేను మామనయ్యాను, అంతేగాని చుట్టరికం లేదు. చేతుల నిండా బీడీ తంబాకు వాసన.

"అన్నా, నా కొడుకును కంపెనీవాళ్ళు ఉంచుకుంటరా?"

"చూస్తమే, డాక్టరు చూస్తడు."

"నాకేం వద్దన్నా. వాడు బిల్డింగ్‌ల మీదికి ఎక్కకుంటె చాలు."

ఆమె మొగుడు ఎల్లయ్య ఐదో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. మా తెలుగు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళందరికీ ఈ మహానగరంలో ఉన్నది అదే పని కదా, ఎవరో ఉండే ఇళ్ళు కట్టడం. గంగారాం మైదానంలో ఆడుతున్నాడని తెలిసిన రోజున ఆమె గల్లీ అంతా చక్కెర పంచింది. ఉద్యోగం పర్మనెంట్ అయితే ఆ ఇంట్లో కట్టే బిల్డింగ్ ఎక్కకుండా బతికిన మొదటివాడు వాడే.

చాయ్ తాగి వెళ్ళమన్నాను. తాగలేదు.

ఆగస్టు 21, గురువారం

నా భార్య రత్నాబాయి నల్లా దగ్గర వరుసలో ఉంది. ఇంకో గంట రాదు. రాసెయ్యాలి. కంపెనీ ఏటా ఇచ్చే ఈ డైరీ నేను తప్ప ఎవరూ తెరవరు.

పోయిన ఏడాది జూన్. వాన. ప్రాక్టీసు అయిపోయి అందరూ వెళ్ళారు. గంగారాం ఇంకాసేపు హెడ్డింగ్ చేస్తానన్నాడు, నేను బంతి విసురుతున్నాను. పైకి ఎగిరి దిగేటప్పుడు కాలు గుంటలో పడింది. చప్పుడు నేను విన్నాను. నాకు ఆ చప్పుడు చిన్నప్పటి నుంచీ తెలుసు. కుడి చీలమండ, బయటివైపు ఎముక.

డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. నిజమే. కాని వాడు చేరి రెండు నెలలే. ప్లాస్టర్ వేసి ఇంటికి పంపితే మళ్ళీ పిలుస్తారని ఏం నమ్మకం? మల్లవ్వ కాళ్ళావేళ్ళా పడింది, కంపెనీకి చెప్పొద్దని. అందుకని నేనే కట్టు కట్టాను. వెదురు బద్దలు, కోడిగుడ్డు సొన, మినప్పిండి. ఫుర్టాడోకి కామెర్లని చెప్పాను. కామెర్లంటే ఎవరూ ఇంటికొచ్చి చూడరు.

మా నాయన బక్కయ్య కట్టు అంటే వర్లి నుంచి కూడా మనుషుల్ని భుజాన వేసుకుని వచ్చేవాళ్ళు. నాయన కట్టిన ఏ ఎముకా వంకర పోలేదు. తొమ్మిదో రోజు కట్టు విప్పి చూసేవాడు. మనిషిని నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి, రెండు కాళ్ళ బొటనవేళ్ళు ఒకే తీరున ఉన్నాయా లేదా అని. లేకపోతే సరిచేసి మళ్ళీ కట్టేవాడు. ఎంత అరిచినా వినేవాడు కాదు. ఎముక అతికాక పోచమ్మకు కొబ్బరికాయ కొట్టించేవాడు. కాయ కొట్టాక ఇక నొప్పి అనకూడదు, అంటే అమ్మవారి మాట తీసేసినట్టు.

తొమ్మిదో రోజున నేను జట్టుతో పూనాలో ఉన్నాను.

పన్నెండో రోజు వచ్చి విప్పాను. బొటనవేలు కొంచెం బయటికి చూస్తోంది. కొంచెమే. అప్పటికే ఎముక పట్టుకుంది, సరిచెయ్యాలంటే మళ్ళీ విరవాలి. నాయన అయితే విరిచేవాడు. నాకు చెయ్యి రాలేదు. సర్దుకుంటుందిలే అనుకుని మళ్ళీ అట్లాగే కట్టాను. ఇరవై ఏడో రోజు మల్లవ్వ చేత కాయ కొట్టించాను.

అందుకే వాడు ఎన్నిసార్లు పడినా చీలమండ నొప్పి అని నా దగ్గర అనడు.

ఆగస్టు 23, శనివారం

ఎక్స్‌రే తీశారు. నేను వెళ్ళలేదు, నడుము నొప్పని చెప్పాను. నడుము నిజంగానే నొప్పిగా ఉంది.

ఆగస్టు 25, సోమవారం

డాక్టరు గదికి నన్నూ గంగారాంనీ పిలిచారు. ఆయన ఎక్స్‌రే ఫోటోను కిటికీ వెలుతురుకి పట్టుకుని చూపించాడు.

"ఇదిగో, ఇక్కడ విరిగింది. పక్కకి అతుక్కుంది. అందుకే పాదం సరిగ్గా పడదు, ఆ భారం మోకాలి మీదా తొడ మీదా పడుతోంది. ఎప్పుడు విరిగింది? సంవత్సరమా పదేళ్ళా అన్నది ఫోటో చెప్పదు, మీరే చెప్పాలి."

గంగారాం నావైపు చూశాడు.

నేను బరువు తూచే మిషను ముల్లుకేసి చూశాను. సున్నాకి కొంచెం పక్కగా ఉంది ముల్లు.

"చిన్నప్పుడు సాబ్" అన్నాడు వాడు హిందీలో. "ఊరికి పోయినప్పుడు పడ్డాను. అక్కడే ఎవరో కట్టు కట్టారు."

"ఎవరు?"

"తెలియదు సాబ్. ఎవరో."

డాక్టరు పకపకా నవ్వాడు. "ఆ ఎవరో చేతులు విరిచి, ఇట్లాగే కట్టు కట్టాలి" అన్నాడు. నేనూ నవ్వాను. వాడు నవ్వలేదు, నేను నవ్వాను.

తర్వాత డాక్టరు నన్ను అడిగాడు, నీది అదే గల్లీ కదా, ఇది నిజమేనా అని.

"నిజమే సాబ్. ఆరేళ్ళప్పుడు. చింతచెట్టు మీంచి" అన్నాను.

నన్ను చెట్టు ఎవరడిగారు? అవును అంటే చాలదా? వాడు ఒక అబద్ధం చెబితే దానికి నేను కొమ్మలూ రెమ్మలూ పెట్టాను. బయటికి వచ్చాక గంగారాం, "చింతచెట్టు యాద్ పెట్టుకుంటా మామా, మళ్ళ అడిగితే" అన్నాడు. తల కొట్టేసినట్టయింది.

ఆగస్టు 26, మంగళవారం

నిద్ర బాగానే పట్టింది. అదే భయంగా ఉంది.

ఆగస్టు 27, బుధవారం

కర్ణిక్ సాబ్ పిలిచి చెప్పాడు. పాత దెబ్బను దాచి చేరాడు కాబట్టి మార్చి దాకా ఆగే పని లేదు, సోమవారం ఉత్తరం చేతికిస్తారు. "మన గ్రౌండులో విరిగి ఉంటే వేరే సంగతి. ఆపరేషన్ చేయించేవాళ్ళం, ఆట పోయినా ఫ్యాక్టరీలో ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టేవాళ్ళం" అన్నాడు.

"అచ్ఛా?" అన్నాను, ఇప్పుడే తెలిసినట్టు.

నాకు ఆ రూలు తెలియదు. తెలిస్తే డాక్టరు దగ్గరే చెప్పేవాణ్ణి.

ఆగస్టు 28, గురువారం

నిన్న రాసిన చివరి రెండు వాక్యాలు అబద్ధం. కొట్టెయ్యను, ఉండనీ.

ఆరేళ్ళ కిందట మా గోల్‌కీపర్ ఒకడికి మా గ్రౌండులోనే మోకాలు పోతే స్టోర్సులో పని ఇచ్చారు. వాడి మోకాలికి నాలుగు నెలలు నూనె రాసింది నేను. ఇవాళ్టికీ క్యాంటీన్లో నాకు చాయ్ ఇప్పిస్తాడు. నిన్న కూడా ఇప్పించాడు. తెలియకపోవడమేమిటి!

నన్ను పర్మనెంట్ చేసినప్పుడు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. మాలిష్ చెయ్యవచ్చు, ఎముకలు ముట్టుకోకూడదు. చెబితే నా ఉద్యోగం పోతుంది. రిటైరవడానికి ఇంకా మూడేళ్ళు ఉంది.

సోమవారం దాకా నాలుగు రోజులు ఉన్నాయి. చెబుతాను.

ఆగస్టు 30, శనివారం

చెబుదామని ఫుర్టాడో సాబ్ దగ్గరికి వెళ్ళాను. "సాబ్, ఒక మాట" అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నేనూ నీకోసమే చూస్తున్నాను లింగం. మా ఆవిడ భుజం పట్టేసింది, ముగ్గురు డాక్టర్ల వల్ల కాలేదు. నీ చేతిలో ఏదో ఉందని ఇంట్లో రోజూ చెబుతుంటాను. ఒకసారి రా."

వెళ్ళాను. అరగంటలో ఆమె చెయ్యి పైకెత్తింది. దేవుడు నీ చేతుల్లో ఉన్నాడు అంది ఆమె. కేకు పెట్టారు. తిన్నాను. ఆ అరగంట నాకు గంగారాం గుర్తే రాలేదు, ఎంత సంతోషంగా ఉన్నానో! గ్రాంట్ రోడ్ స్టేషన్లో దిగాక గుర్తొచ్చింది.

ఆగస్టు 31, ఆదివారం

మ్యాచ్ లేదు. మా చాల్ గదుల ముందు వరండాలో పొద్దున్నే పదిమంది. నాకా కూడలిలో పనికోసం నిలబడే కూలీలు, ఫాక్‌లాండ్ రోడ్ నుంచి ఒక దర్జీ, మణికట్టు బెణికిన ఒక ముసలమ్మ. బక్కయ్య కొడుకు ఉన్నాడా అని అడుగుతూ వస్తారు. అందర్నీ చూశాను. ఎముక విరిగిందని అనుమానం వచ్చిన ఒకణ్ణి మాత్రం పెద్ద దవాఖానకు పొమ్మన్నాను. వాడు నమ్మలేదు, నాకు తనమీద కోపం వచ్చిందనుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక రత్నాబాయి మొదలుపెట్టింది. ఆ రోజు కట్టుకి మినుములు రుబ్బిన మనిషి, ఆమెకు తెలియనిదేముంది.

"గంగడి సంగతేం చేసినవయ్యా?"

"నేనేం చేస్త? నౌకరీ పోతది నాది."

"పోతే పోనీ. నేను నాలుగిండ్లల్ల గిన్నెలు తోముత. నీ ఏడుపు నౌకరీ కోసం కాదు. నీ అయ్య పేరు పోతదని నీ ఏడుపు. రేపట్నుంచి ఈ వరండాల ఎవ్వరు రారని."

"నోరు మూస్తవా లేదా?" అని అరిచాను. పక్క ఖోలీవాళ్ళు తొంగి చూసేంత గట్టిగా. ఆమె మూసింది. నిజం చెప్పినవాళ్ళ నోరు మూయించడం నాకు బాగా వచ్చు.

సెప్టెంబర్ 1, సోమవారం

ఉత్తరం ఇచ్చేశారు. పొద్దున నేను గేటు దగ్గరే ఉన్నాను. కర్ణిక్ సాబ్ కారు దిగాడు, నాకు నమస్తే పెట్టాడు, నేనూ పెట్టాను.

మధ్యాహ్నం గంగారాం ఉత్తరం తెచ్చాడు. ఇంగ్లీషులో ఉంది. వాడు మా గల్లీ తెలుగు బడిలో ఏడు దాకా చదివాడు, నేనూ అదే బడి, కాకపోతే ముప్పై ఏళ్ళు కంపెనీలో తిరిగి నాలుగు ముక్కలు నేర్చాను.

"ఏం రాసిండ్రు మామా?"

దెబ్బను దాచి కంపెనీని మోసం చేశాడని రాశారు. "ఆరోగ్యం మంచిగ లేదని రాసిండ్రు" అన్నాను.

వాడు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు.

"నేను పోయి చెప్తరా. కట్టు నేనే కట్టిన్నని చెప్త" అన్నాను.

"వద్దు మామా. ఇప్పుడు చెప్తే ఇద్దరం పోతం. నాదెట్లైనా పోయింది. నీకు మూడేండ్లున్నయి, నీదన్న ఉండనీ."

ఆ మాటకు నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇట్లాంటి ప్రాణం లేచి రాకపోయినా బాగుండేది. నేను చెబితే ఇద్దరం పోము, నేనొక్కణ్ణే పోతాను, వాడికి ఫ్యాక్టరీలో పని దొరుకుతుంది. ఆ సంగతి వాడికి తెలియదు. నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది.

"సరే తియ్, నీ ఇష్టం" అన్నాను.

సెప్టెంబర్ 3, బుధవారం

వాడి చోట కొత్త డిఫెండర్ వచ్చాడు. బాగా ఆడుతున్నాడు. చీలమండలకు మాలిష్ చేశాను.

సెప్టెంబర్ 7, వినాయక చవితి

గల్లీలో గణపతిని కూర్చోబెట్టారు. ప్రతి ఏడూ పందిరి వాసాలు ఎక్కి కట్టేది గంగారామే. ఈసారి కనిపించలేదు. అడిగితే, వాడు నాకాలో నిలబడుతున్నాడట. మూడు రోజుల నుంచి వర్లిలో ఒక టవరు మీద పని. ఏడో అంతస్తు. నెత్తిమీద సిమెంటు మాలు తట్ట పెట్టుకుని, వెదుర్ల మీద, ఆ కాలితో.

ఆ కాలు ఎక్కడ తడబడుతుందో నాకంటే ఎవరికి తెలుసు? దిగేటప్పుడు తడబడుతుంది. ఎక్కేటప్పుడు పరవాలేదు.

సెప్టెంబర్ 10, బుధవారం

ఏమీ కాలేదు ఇవాళ. వాడు క్షేమంగా దిగి వచ్చాడు. కిటికీలోంచి చూశాను.

సెప్టెంబర్ 11, గురువారం

వచ్చాడు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

వచ్చాడు. కుంటుతున్నాడు.

సెప్టెంబర్ 13, శనివారం

ఇట్లా రోజూ కిటికీ దగ్గర నిలబడి లెక్కపెట్టడం మనిషి చేసే పనేనా? నిశ్చయించుకున్నాను. రేపు మల్లవ్వకు అంతా చెబుతాను. కట్టు వంకర పోయిందని, తొమ్మిదో రోజు చూడలేదని, పన్నెండో రోజు చూసీ ఊరుకున్నానని, డాక్టరు ముందు అబద్ధమాడానని. సోమవారం ఆమెను వెంటబెట్టుకుని కర్ణిక్ సాబ్ దగ్గరికి పోతాను. ఆమె పక్కన ఉంటే వెనక్కి తిరగలేను. రత్నకు చెప్పాను. ఆమె నా ఇస్త్రీ చొక్కా తీసి కొక్కేనికి తగిలించింది.

సెప్టెంబర్ 14, ఆదివారం

వెళ్ళాను. మల్లవ్వ గడపలో కూర్చుని ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. గంగారాం ఆదివారం కూడా పనికి పోయాడట. కూర్చోమని పీట వేసింది. మాటలు వరుసగా పెట్టుకుని వచ్చాను, మొదటి మాట "చెల్లె, నేను తప్పు చేసిన."

"చెల్లె" అన్నాను. ఆమె అప్పటికే ఏడుస్తోంది.

"అన్నా, నీకు నా మొఖం ఎట్ల చూపియ్యాల్నో తెలుస్తలేదు. నేనే కదన్నా చేసింది. కంపెనీకి చెప్పకు, దవాఖానకు వద్దు, నువ్వే కట్టు అని నీ కాళ్ళు పట్టుకున్న. నువ్వప్పటికీ అంటివి, పెద్ద దవాఖానకు తీస్కపోదామని. నేను వినకపోతి. నా కొడుకు నౌకరీ నేనే మింగిన. కన్నతల్లినై నేనే మింగిన."

నేను అనలేదు, పెద్ద దవాఖాన మాట. ఆ రోజు ఆమె వచ్చేసరికి రత్న రోలు దగ్గర ఉంది, నేను బద్దలు చీరుతున్నాను. ఆమె నా కాళ్ళు పట్టుకోలేదు. పట్టుకుందని నేనే ఈ డైరీలో రాశాను. ఆమె అడిగింది ఒకటే, "ఏం కాదు కదన్నా?" అని. ఏం కాదన్నాను. ఏడాది పొడుగునా కుంటే కొడుకును చూసి చూసి, అంతా తనే చేశానని ఆమె నమ్మేసింది.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. కాదు మల్లవ్వా, నువ్వు కాదు అంటే చాలు. నాలుగు మాటలు. ఆమె చాటలో కన్నీళ్ళు పడి తంబాకు తడుస్తోంది, నేను చూస్తున్నాను, లోపల ఎక్కడో హాయిగా ఉంది. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. హాయిగా ఉంది.

"పోనీ మల్లవ్వా" అన్నాను. "తల్లివి, భయపడ్డవు. నీ తప్పేమున్నది."

"నువ్వు నా మీద కోపం పెట్టుకోకన్నా. నీ కట్టుకు పేరు చెడగొట్టిన."

"కోపమెందుకు? నాకేం కోపం లేదు."

ఆమె చాట పక్కన పెట్టి, లేచి, వంగి నా కాళ్ళకు మొక్కింది. నీ మనసు పెద్దది అన్నా అంది. నేను ఆమె తలమీద చెయ్యి పెట్టాను. ఆమెను క్షమించి, ఇంటికి వచ్చి, భోజనం చేశాను.